సూపర్‌సైలెంట్: ఏళ్ల తరబడి విన్నాక

నార్వే సంగీత బృందం సూపర్‌సైలెంట్‌ని చాలా ఏళ్లుగా వింటున్నాను, ఇప్పటికీ నన్ను కట్టిపడేసేది ఆర్వే హెన్రిక్సెన్ ట్రంపెట్టే. ట్రంపెట్ అనగానే చెవులు గింగుర్లెత్తించే మోత గుర్తొస్తుంది కదా, ఈయన దగ్గర ముందు ఊపిరి వినిపిస్తుంది, ఆ తర్వాతే స్వరం. జపాన్ వెదురు వేణువు షకుహాచి ప్రభావం ఆయన మీద బాగా ఉంది. ఆ ఊపిరి కిందనుంచి బ్యాండ్‌లో మరొకరైన హెల్గె స్టెన్ ఎలక్ట్రానిక్స్ రొద మెల్లగా లేస్తుంది, కాసేపటికి ఏది మనిషి గాలో ఏది మెషీన్ శబ్దమో తేల్చుకోలేం. నాకైతే ఈ బ్యాండ్ అసలు రుచి అక్కడే ఉంది.

1997లో మొదలైనప్పుడు వీళ్లు నలుగురు. డ్రమ్మర్ యార్లె వెస్పెస్టాడ్ 2009లో వెళ్లిపోయాక ముగ్గురయ్యారు, కీబోర్డులు వాయించే స్టోలె స్టోర్లోకెన్ మూడో మనిషి. రిహార్సల్స్ చెయ్యరు, ఏం వాయించాలో ముందు మాట్లాడుకోరు కూడా. మన కచేరీల్లో మనోధర్మానికి రాగం, తాళం ఆసరాగా ఉంటాయి, వీళ్లు ఆ ఆసరా కూడా పెట్టుకోకుండా దిగిపోతారు, అందుకే ఒకరు చిన్న శబ్దం చేస్తే మిగతా ఇద్దరూ దాన్ని అందుకోవాలా వదిలెయ్యాలా అని ఆగే క్షణం కూడా రికార్డులో తెలిసిపోతుంది. నేను మళ్లీ మళ్లీ వినేది దానికోసమే. ఆల్బమ్‌లకీ ట్రాక్‌లకీ పేర్లుండవు, అన్నీ అంకెలే.

ముగ్గురి కలయిక ఎలా పనిచేస్తుందో తెలియాలంటే 2010లో వచ్చిన ‘10’ వినండి. పియానో, ట్రంపెట్ దాదాపు నేరుగా వినిపిస్తాయి, ఎలక్ట్రానిక్స్ వాటిని మింగెయ్యకుండా చుట్టూ తిరుగుతుంది. ‘9’లో ముగ్గురూ హామండ్ ఆర్గన్లే (కరెంటుతో పనిచేసే ఒక రకం కీబోర్డు వాద్యం) వాయించారు. ఆలోచన గొప్పదే గానీ ట్రంపెట్ లేని లోటు నాకు మొదటి నుంచి చివరి దాకా తెలుస్తూనే ఉంటుంది, దాని జోలికి ఎక్కువగా వెళ్లను. 1998లో మూడు సీడీలుగా వచ్చిన ‘1-3’తో మాత్రం మొదలుపెట్టకండి, ఆ హోరు తట్టుకోవడం కష్టం.

ఫోన్ స్పీకర్లో వింటే కింది స్థాయి గుబగుబలన్నీ పోతాయి, మంచి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. మొదట్లో ఏమీ వినిపించట్లేదని వాల్యూమ్ పెంచెయ్యకండి, ఉన్నట్టుండి విరుచుకుపడతారు. డ్రమ్స్ బలం కూడా కావాలంటే నలుగురూ ఉన్నప్పటి ‘6’ (2003) దగ్గరికి వెళ్లండి, నా లెక్కలో వీళ్ల అన్నిటికన్నా మంచి రికార్డు అదే.