పీఎస్4, పీఎస్5లకు ఇంట్లో వేరే వైఫై: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

హన్మకొండలో మా ఇంట్లో ప్లేస్టేషన్ 4 (పీఎస్4) గేమ్ కన్సోల్ ఏళ్లుగా నడుస్తోంది. ఈమధ్య పీఎస్5 కూడా వచ్చింది. రెండూ ఇంటి అసలు వైఫైలో లేవు. రౌటర్‌లో గెస్ట్ నెట్‌వర్క్ (అతిథుల కోసం అసలు వైఫైకి వేరుగా ఉండే వైఫై) ఆన్ చేసి, వాటిని అందులో పెట్టాను. ఇన్నేళ్లలో రకరకాలుగా వాడి చూశాక నాకు మనసుకు పట్టిన ఏర్పాటు ఇదే.

కారణం సూటిగా చెప్తా. నా బ్యాంకు పనులు, మా ఆవిడ ఆఫీసు ల్యాప్‌టాప్, గేటు దగ్గరి కెమెరా అన్నీ ఆ ఒక్క రౌటర్ మీదే. అందులో 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 అనే వైఫై భద్రతా పద్ధతి ఉంది. అదొక్కటే ఆన్ చేస్తే పీఎస్4 కలవదు, దానికి అంతకుముందు పద్ధతి డబ్ల్యూపీఏ2 కావాలి. అప్పుడు చాలామంది ఇంటి వైఫై మొత్తాన్ని డబ్ల్యూపీఏ2కి దింపేస్తారు. ఒక్క గదికి వచ్చిపోయేవాళ్ల కోసం ఇంటి తాళమే మార్చినట్టు! ఇంటికి డబ్ల్యూపీఏ3 ఉంచి, గెస్ట్‌కు మాత్రం డబ్ల్యూపీఏ2 (ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్‌తో) పెట్టుకుంటే సరిపోతుంది. గెస్ట్‌లో ఉన్న కన్సోల్‌కు ల్యాప్‌టాప్ గానీ కెమెరా గానీ కనిపించవు.

ఎండాకాలం సెలవులకు వచ్చిన మా మేనల్లుడు చేతిలో పట్టుకుని ఆడే పాత నింటెండో డీఎస్ పట్టుకొచ్చాడు. "మామా, దీనికి గూడ వైఫై పెట్టవా" అని వెంటపడ్డాడు. డీఎస్ ఆటలకు తెలిసిన వైఫై భద్రత డబ్ల్యూఈపీ అనే పాత పద్ధతి ఒక్కటే. దాని లోపం 2001లోనే బయటపడింది, ఇవాళ ఎవరైనా నిమిషాల్లో ఛేదిస్తారు. పైగా డీఎస్ ఆన్‌లైన్ సేవను నింటెండో 2014 మేలోనే మూసేసింది. వాడికి నెట్ లేకుండానే ఆడుకొమ్మని నచ్చజెప్పా. ఎంత ముద్దుగా అడిగినా డబ్ల్యూఈపీ మాత్రం ఆన్ చేయకండి.

ఇక పాస్‌వర్డ్. కంట్రోలర్‌తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడం విసుగే. అందుకే చాలా ఇళ్లల్లో పది అంకెల ఫోన్ నంబరే పాస్‌వర్డ్. డబ్ల్యూపీఏ2లో కనెక్ట్ అయ్యేటప్పుడు కన్సోల్‌కు, రౌటర్‌కు మధ్య జరిగే సంభాషణను ఎవరైనా పట్టుకుంటే, తర్వాత ఎక్కడో కూర్చుని తీరిగ్గా పాస్‌వర్డ్ ఊహిస్తూ పోవచ్చు. ఫోన్ నంబరైతే ఎంతోసేపు నిలవదు. మా పైన కిరాయికి ఉండే పిల్లలు చదువుకునేవాళ్లు, మంచివాళ్లు. కానీ వాళ్ల రూములకు ఎవరెవరు వస్తారో నాకేం తెలుసు? ఒకదానికొకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలను ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కలిపి రాసుకున్నా. పొడుగ్గా ఉంటుంది, షిఫ్ట్ నొక్కే పని ఉండదు. పీఎస్4కు మామూలు యూఎస్‌బీ కీబోర్డు తగిలిస్తే ఇంకా తేలిక.

టైపు బాధ తప్పుతుందని డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తోనో బటన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి) వాడొద్దు. రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఎనిమిదంకెల పిన్ ఉంటుంది చూడండి. రౌటర్ దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తుంది, చివరి అంకె లెక్కకట్టి వచ్చేదే. కాబట్టి పది కోట్లు అనుకున్నది 11,000 ప్రయత్నాలకు దిగొస్తుంది. ఈ సంగతి 2011లోనే బయటికొచ్చింది. నేను దాన్ని పూర్తిగా ఆఫ్ చేశా.

ఇబ్బందులూ ఉన్నాయి. మొదటి తరం పీఎస్4కు 5 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్ లేదు, 2.4 మాత్రమే. మా గల్లీలో ఆ బ్యాండ్ కిక్కిరిసి ఉంటుంది. ఛానల్‌ను ఆటోలో వదలకుండా 1, 6, 11లలో ఖాళీగా ఉన్నది ఎంచుకుంటే కొంత నయం. ల్యాన్ కేబుల్ వేస్తే ఆట మస్తుగా నడుస్తుంది, కానీ మా రౌటర్‌లో కేబుల్ వేసినదల్లా అసలు నెట్‌వర్క్‌లోకే వస్తుంది, గెస్ట్ అడ్డు పోతుంది. అందుకే పెద్ద డౌన్‌లోడ్‌లప్పుడు మాత్రమే కేబుల్ పెడతా. ఫోన్ నుంచి కన్సోల్ ఆటలు ఆడే రిమోట్ ప్లే కూడా గెస్ట్ వల్ల బాగా నెమ్మదించింది.

కన్సోల్ నెట్‌వర్క్ టెస్ట్‌లో నాట్ టైప్ 3 (బయటి ఆటగాళ్లతో కలవడం కష్టమని అర్థం) వస్తే రౌటర్‌లో కన్సోల్‌ను డీఎంజెడ్ అనే సెట్టింగులో పెట్టమని సలహాలిస్తారు. వద్దు. బయటి నుంచి వచ్చేదంతా అడ్డు లేకుండా కన్సోల్ మీద పడుతుంది. ముందు రౌటర్‌లో వ్యాన్ ఐపీ (ప్రొవైడర్ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీ ప్రొవైడర్ చాలా ఇళ్లను ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెట్టాడని అర్థం. అప్పుడు మీరు ఇంట్లో ఏ పోర్టు (బయటి నుంచి కన్సోల్‌కు వచ్చే దారి) తెరిచినా బయటికి చేరదు. మీకంటూ ఒక పబ్లిక్ ఐపీ ఇమ్మని ప్రొవైడర్‌ను అడగడమే దారి. టైప్ 2 వస్తే చాలు, హాయిగా ఆడుకోవచ్చు.

ఎక్కువ కాలం వాడితేనే తెలిసే సంగతి ఒకటుంది. మా దగ్గర కోతులు ఫైబర్ తెంపుతుంటాయి. టెక్నీషియన్ వచ్చి అతికించి, "రీసెట్ కొట్టిన సార్, ఇగ చూడుండ్రి" అని వెళ్లిపోతాడు. ఆ రీసెట్‌తో గెస్ట్ నెట్‌వర్క్ మాయం, డబ్ల్యూపీఎస్ మళ్లీ ఆన్, అడ్మిన్ పాస్‌వర్డ్ కంపెనీ ఇచ్చిన పాతదే. సెట్టింగులన్నీ కుదిరాక బ్యాకప్ ఫైలు ఒకటి సేవ్ చేసి పెట్టుకోండి. అతను గేటు దాటగానే దాన్ని ఎక్కించి, డబ్ల్యూపీఎస్ ఆఫ్‌లోనే ఉందో లేదో చూసుకున్నాకే కన్సోల్ ఆన్ చేయండి.