బైరాగిపట్టెడ కర్రీ పాయింట్: ఏ పూట డబ్బు ఆ పూటే

తిరుపతి బైరాగిపట్టెడలో మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఒక అడ్డవీధిలో ఉంటుంది ఈ కర్రీ పాయింట్. దానికి పేరేమీ లేదు. బోర్డు మీద ‘కర్రీ పాయింట్’ అని, దాని కింద ‘ఇంటి రుచి’ అని రాసుంటుంది. ఇంటి రుచి అని రాయని కర్రీ పాయింట్ నేను తిరుపతిలో చూళ్ళేదు కాబట్టి ఆ మాటను పట్టించుకోకండి. ఒక్క షట్టరు, ముందు అద్దాల కౌంటరు, దాని వెనక మూతలు పెట్టిన స్టీలు గిన్నెలు. కూర్చొని తినే ఏర్పాటు లేదు. అన్న లోపల వండుతాడు, అక్క బయట కట్టిస్తుంది, డబ్బు లెక్క కూడా ఆమెదే.

మా ఇంటి సంగతి కొంచెం చెబితే తప్ప, కూరలమ్మే చోటు గురించి ఇంత పొడుగు రివ్యూ ఎందుకో అర్థం కాదు. మా ఆవిడ డాక్టరు. ఎస్వీ మెడికల్ కాలేజీలో చదివి, రుయా ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ చేసింది. ప్రస్తుతం ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు. పీజీ సీటు కోసం ఎదురు చూస్తోంది, ఆమెతో పాటు నేను, రెండున్నరేళ్ళ మా పాప కూడా. ఆ సీట్ల కోసం రాసే నీట్ పీజీ 2025 పరీక్ష జూన్ 15న జరగాల్సింది. రెండు షిఫ్టులు కుదరవు, ఒకే షిఫ్టులో పెట్టమని సుప్రీంకోర్టు చెప్పడంతో ఆగస్టు 3కు వాయిదా పడింది. ర్యాంకులు ఆ నెలలోనే వచ్చేశాయి కానీ, ఏ రాష్ట్రం వాళ్ళైనా పోటీ పడే ఆల్ ఇండియా కోటా మొదటి రౌండు సీట్లు ఇచ్చేసరికి నవంబరు. ఆ రౌండులో ఆమెకు వచ్చింది అక్కర్లేని బ్రాంచి. ఫ్రీ ఎగ్జిట్ ఉంది, వదులుకున్నా డిపాజిట్ పోదు కదా అని వదిలేసింది. ఆమెకు పిల్లల వైద్యం కావాలి. రెండో రౌండులో ఏమీ రాలేదు. మూడో రౌండు అనుకుంటూ ఉండగా సంక్రాంతి ముందు కటాఫ్ తగ్గించారు, జనరల్ వాళ్ళకు 50 పర్సంటైల్ నుంచి ఏకంగా 7కు. దాంతో కొత్తగా అర్హత వచ్చినవాళ్ళూ లైన్లోకి వచ్చారు. అది చాలదన్నట్టు ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ చేసే రాష్ట్ర కోటా కౌన్సెలింగ్ వేరే నడుస్తుంది. ఆమె పెట్టిన ఆప్షన్లలో కర్నూలు ఉంది, విశాఖ ఉంది, గుల్బర్గా ఉంది, రాజస్థాన్‌లోని కోట కూడా ఉంది. ఏది తగిలితే అక్కడ మూడేళ్ళు కాపురం. సీటు వచ్చాక కాలేజీలో రిపోర్ట్ చేయడానికి ఇచ్చేది కొద్ది రోజులే. మూడో రౌండులో వచ్చిన సీటు వద్దంటే కట్టిన డిపాజిట్ కూడా పోతుంది.

ఇట్లా ఉన్నవాళ్ళకు ఊళ్ళో ఏదీ పనికిరాదు, ఎందుకంటే అన్నీ నెలల లెక్క మీద నడుస్తాయి. ఇల్లు ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు చెప్పాలి. ప్లేస్కూలు వాళ్ళు టర్మ్ ఫీజు మొత్తం ఒకేసారి కట్టమన్నారు, మధ్యలో మానేస్తే రూపాయి వెనక్కి రాదన్నారు. క్యారియర్ పంపే మెస్ ఒకటి చూశాం. నెల డబ్బు అడ్వాన్సుగా కట్టించుకున్నారు, రెండో వారం నుంచి సాంబారు నీళ్ళయిపోయింది. ఆపేస్తామంటే మిగిలిన డబ్బు వచ్చే నెలకు జమ చేస్తామన్నారు. వచ్చే నెల మేం ఏ ఊళ్ళో ఉంటామో మాకే తెలియనప్పుడు ఆ జమ ఏం చేసుకోవాలి? మిక్సీ, గ్రైండరు, పెద్ద గిన్నెలు అన్నీ పలమనేరులో మా అత్తగారింటికి పంపేశాం. ఇంట్లో మిగిలినవి కుక్కరు, పాల గిన్నె, నాలుగు కంచాలు. అన్నం ఇంట్లో పెట్టుకుంటాం, కూరలు ఇక్కడ తెచ్చుకుంటాం.

మొదట్లో నేనే అడిగాను, అక్కా, ఖాతా పెట్టుకుంటారా, నెలాఖరుకు ఇస్తానని. ఆమె ఊరంతా తెలిసిన మనిషి, మా ఆవిడ పీజీ సంగతి అప్పటికే ఎవరో చెప్పేశారు.

“మీరు ఈ పొద్దో రేపో పోయేవాళ్ళు సామీ. ఖాతా గీతా ఎందుకు, ఏ పూటది ఆ పూటే ఇచ్చేసి పోండి” అంది.

నమ్మకం లేక అన్న మాట అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇన్ని నెలల్లో మా చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించకుండా, ఎప్పటిదాకా ఉంటారని అడగకుండా మాతో వ్యాపారం చేసింది ఈమె ఒక్కతే.

ఇక కూరలు. పప్పు బాగుంటుంది, అందులోనూ సిర్రాకు పప్పు. ఆకు కనిపించేంత వేస్తారు, పప్పు మరీ మెత్తగా ఎనపరు, చింతపండు పట్టీ పట్టనట్టు ఉంటుంది. ముప్పై రూపాయల కవరు ఇద్దరికి ఒక పూట సరిపోతుంది. ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి రోజూ ఉండదు, ఉన్న రోజు వదలకండి. గింజలు ముద్దగా రుబ్బేయకుండా అక్కడక్కడా పలుకు తగిలేట్టు నూరుతారు. సంగటి ఆదివారం మధ్యాహ్నం మాత్రమే, దానికి కోడి పులుసు. ముద్ద వేడిగా ఉన్నప్పుడే తినాలి, ఇంటికి తెచ్చి వాట్సాప్ చూసుకుంటూ కూర్చుంటే బిగుసుకుపోతుంది. శనివారం నీచు పూర్తిగా బంద్, గుడ్డు కూడా ఉండదు.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది పితికిపప్పు. చిత్తూరు వైపు వాళ్ళకు దీని గురించి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. చలికాలంలో అనపకాయలు వస్తాయి. కాయ ఒలిచి, గింజల్ని రాత్రంతా నానబెడతారు. పొద్దున ఒక్కో గింజను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పొట్టు వేళ్ళలో ఉండిపోయి లోపలి పప్పు టపుక్కున జారి గిన్నెలో పడుతుంది. కిలో గింజలు పితకడానికి ఇద్దరు మనుషులకు ఎంతసేపు పడుతుందో, గోళ్ళ కింద ఎంత నొప్పి పుడుతుందో పితికినవాళ్ళకే తెలుసు. అందుకే హోటళ్ళ జోలికి ఇది పెద్దగా రాదు. ఇక్కడ మాత్రం అక్కవాళ్ళ అమ్మ షట్టరు పక్కన మెట్టు మీద కూర్చొని పితుకుతూ ఉంటుంది, పది గంటలప్పుడు వెళ్తే చూడొచ్చు. ధనియాలు, కొబ్బరి, వెల్లుల్లి నూరి వేసిన పులుసు అది. పప్పు విడివిడిగానే ఉంటుంది, నోట్లో పెట్టుకుంటే వెన్నలా నలుగుతుంది. కవరు అరవై రూపాయలు. ఎక్కువే, కానీ ఆ పెద్దావిడ వేళ్ళు చూశాక బేరం ఆడబుద్ధి కాదు. కోటలో సీటొస్తే ఇది దొరకదని మా ఆవిడ ప్రతిసారీ గుర్తు చేస్తుంది. ఆప్షన్లు పెట్టేటప్పుడు గుర్తు రాలేదా అంటే కోపం.

బాగాలేనివీ ఉన్నాయి. బెండకాయ వేపుడు వద్దు. పైనంతా శనగపిండి, అడుగున నూనె, బెండకాయ ఎక్కడుందో వెతుక్కోవాలి. కాలీఫ్లవర్‌కు రంగు వేస్తారు, తిన్నాక వేళ్ళు ఎర్రగా అవుతాయి. రసం ఒక రోజు అమృతం, ఒక రోజు ఉప్పు కషాయం, ఏ రోజు ఏదో అన్నకే తెలియాలి. పెరుగు ఇక్కడ కొనకండి, పాల బూత్ ప్యాకెట్టే నయం. సాయంత్రం చపాతీలు ఏడున్నర లోపు తీసుకుంటే మెత్తగా ఉంటాయి, ఆ తర్వాత తీసుకుంటే మీ దవడల ఓపిక.

నాకున్న పెద్ద పేచీ కవర్ల మీద. పొగలు కక్కే సాంబారును పల్చటి ప్లాస్టిక్ కవర్లో పోసి, మెడ దగ్గర రెండు తిప్పులు తిప్పి, చూస్తుండగానే రబ్బరు బ్యాండు బిగించేస్తుంది. చుక్క కారదు, ఆ పనితనానికి దండం పెట్టాలి. కానీ అంత వేడిది ప్లాస్టిక్‌లో పోయడం మంచిది కాదని మా ఆవిడ ఒప్పుకోదు, పైగా పాప తినేది. ఆ రబ్బరు బ్యాండు ఊడదీయడం కూడా మానవమాత్రుల వల్ల కాదు. మా కత్తెర ఏ అట్టపెట్టెలో ఉందో తెలియక ప్రతి రాత్రీ పళ్ళతో కొరికేవాణ్ణి. ఇప్పుడు మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ పట్టుకెళ్తున్నాను. గిన్నె తీసుకెళ్తే ఇంకో లాభం ఉంది. కవరుకైతే కొలత గరిటె, గిన్నెకైతే అక్క చెయ్యి కొంచెం ధారాళం.

పిల్లలున్నవాళ్ళకు ఒక మాట. ఇక్కడి కారం రాయలసీమ కారమే, మొహమాటం లేదు. మా పాప మొదటి రోజు ఏడ్చి గోల చేసింది. ఆ సంగతి చెబితే, పదకొండు గంటలకల్లా ఫోన్ చేయమన్నారు. తిరగమోత పెట్టకముందే చప్పిడి పప్పు ఒక చిన్న గిన్నెలో తీసి పక్కన పెడతారు, దానికి విడిగా డబ్బు తీసుకోరు. మా ఆవిడ నైట్ డ్యూటీ దిగి వచ్చే రోజు నేను ఆఫీసు కాల్‌లో ఇరుక్కుపోతే, అన్న స్కూటరు మీద తెచ్చి గేటు దగ్గర ఇచ్చి పోయాడు కూడా. దాన్ని డెలివరీ సర్వీసు అనుకొని అందరూ అడగకండి, ఉన్నది ఇద్దరే.

“డాక్టరమ్మకు ఏదన్నా తెలిసిందా?” అని కట్టించేటప్పుడు అక్క అడుగుతూ ఉంటుంది. ఇంటి ఓనరు ఆంటీ అడిగితే టెన్షన్ వస్తుంది, ఆమెకు కావాల్సింది మేం ఖాళీ చేసే తేదీ. చుట్టాలు అడిగితే చిరాకు. ఈమె అడిగితే రాదు. ఇంకా లేదక్కా అంటే, సరే, చారు ఏమన్నా పోయమంటావా అంటుంది, అంతే.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది రంగుకూ ప్లాస్టిక్‌కూ. బెండకాయ వేపుడుకు ఇంకో అర తగ్గించాల్సింది, పితికిపప్పును చూసి వదిలేస్తున్నా. మధ్యాహ్నం పదకొండున్నరకు తీస్తారు, పన్నెండున్నర దాటితే పప్పు మిగలదు, రెండున్నరకు మూసేస్తారు. సాయంత్రం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర. ఆదివారం రాత్రి సెలవు. ఫోన్‌పే తీసుకుంటారు, ఐదు వందల నోటు ఇస్తే మాత్రం అక్క మొహం మారుతుంది. పితికిపప్పు కావాలంటే అనపకాయలు అయిపోకముందే, ముందు రోజు సాయంత్రమే చెప్పి పెట్టుకోండి.