కొత్తవాణ్ణి కొనడమా, ఉన్నవాళ్లతో నెట్టుకురావడమా: ఏది మేలు?

ఆగస్టు వచ్చిందంటే ఇంగ్లిష్ ఫుట్‌బాల్ అభిమానులది ఇదే ప్రశ్న. మా మేనేజర్ ఎవర్నీ కొనకుండా చెయ్యి బిగపట్టేశాడు, ఇది తెలివా, పిసినారితనమా? వెంగర్ ఉన్నన్నాళ్లూ ఆర్సెనల్ అభిమానులు అడిగారు, పొచెట్టినో కాలంలో స్పర్స్ (టోటెన్‌హామ్) వాళ్లు అడిగారు, క్లాప్ గురించి లివర్‌పూల్ వాళ్లూ అడిగారు. ఇంగ్లండ్ పై డివిజన్ ప్రీమియర్ లీగ్ వరకు చెప్పాలంటే నా ఓటు కొనకుండా ఆగే మేనేజర్‌కే, కాకపోతే ఒక షరతు ఉంది. చాలామంది ఆ షరతును బ్యాంకు నిల్వలో వెతుకుతారు. అది దొరికేది స్క్వాడ్ జాబితాలో.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. 5 కోట్ల పౌండ్లకు ఐదేళ్ల కాంట్రాక్ట్ మీద ఒకణ్ణి తెచ్చారనుకోండి. పద్దుల్లో ఏడాదికి కోటి చొప్పున పడుతుంది. వారానికి లక్షన్నర జీతమైతే ఏడాదికి ఇంకో 78 లక్షలు. ఐదేళ్లకు మొత్తం 8 కోట్ల 90 లక్షల పౌండ్లు, ఏజెంటు వాటా, బోనస్‌లు వేరే. రెండేళ్లకే కుదరలేదని అమ్మబోతే పుస్తకాల్లో అతని విలువ ఇంకా 3 కోట్లుంటుంది. 2 కోట్లకు అమ్మితే లెక్కల్లో కోటి నష్టం. అదే 2 కోట్లకు అకాడమీ కుర్రాణ్ణి (క్లబ్ తనే పెంచినవాణ్ణి, పుస్తకాల్లో విలువ సున్నా) అమ్మితే మొత్తం లాభమే. 2023-24 నాటి లీగ్ నిబంధన ప్రకారం క్లబ్ మూడు సీజన్ల నష్టం 10.5 కోట్ల పౌండ్లు దాటకూడదు, కింది డివిజన్‌లో గడిపిన ఏడాది అందులో ఉంటే పరిమితి ఇంకా తగ్గేది. ఈ గీత దాటినందుకే 2023-24లో ఎవర్టన్‌కు చివరికి 8 పాయింట్లు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 4 పాయింట్లు కోత పడ్డాయి.

స్థలం కూడా లెక్కే. 25 మంది జాబితాలో హోమ్‌గ్రోన్ కానివాళ్లు (21 ఏళ్లలోపు మూడేళ్లు ఇంగ్లండ్, వేల్స్ క్లబ్‌ల్లో శిక్షణ పొందనివాళ్లు) 17 మందికి మించకూడదు. 18వ వాణ్ణి కొంటే ఇంకొకణ్ణి జాబితాలోంచి తియ్యాలి, జీతం మాత్రం వారం వారం ఇవ్వాలి. కాబట్టి తప్పుడు కొనుగోలు ఒక్క సీజన్‌తో వదిలిపోదు, వచ్చే రెండు మూడు విండోల్లో (వేసవిలో, జనవరిలో ఆటగాళ్లను కొని అమ్ముకునే గడువుల్లో) మేనేజర్ చేతులు కట్టేస్తుంది. ఆగేవాడి పక్షాన ఇదే గట్టి వాదన.

ఇక అసలు విషయం. ఎవరైనా వెళ్లిపోయినప్పుడు, లేదా గాయపడినప్పుడు, ఆ స్థానంలోకి వచ్చే రెండోవాడు ఎవరు? అతన్ని ఇంకో స్థానానికి కూడా రెండోవాడిగా రాసుకున్నారా? ఆగడం తెలివో కాదో చెప్పేది ఈ రెండో ప్రశ్నే.

దీనికి లివర్‌పూల్‌ను మించిన ఉదాహరణ లేదు, ఎందుకంటే ఒకే మేనేజర్ రెండుసార్లు ఆగాడు, ఫలితాలు మాత్రం తలకిందులయ్యాయి. 2017 వేసవిలో క్లాప్‌కు సెంటర్ బ్యాక్ (గోల్ ముందు నడిమధ్య కాపుకాసే డిఫెండర్) వాన్ డైక్ కావాలి, సౌతాంప్టన్ ఇవ్వనంది. దొరికినవాణ్ణి పట్టుకొచ్చి సరిపెట్టుకోకుండా జనవరి దాకా ఆగాడు, 7.5 కోట్ల పౌండ్లకు తెచ్చుకున్నాడు. ఆ ఆరు నెలలు ఎలా గడిచాయి? మాటిప్, లోవ్రెన్, క్లావన్, గోమెజ్, నలుగురు చేతిలో ఉన్నారు. వాళ్లలో ఎవరూ వాన్ డైక్ కాదు, కానీ మనుషులున్నారు. ఎవరో ఒకరు గాయపడినా మిడ్‌ఫీల్డ్ జోలికి పోవాల్సిన అవసరం చాలా అరుదుగానే వచ్చింది.

2020 వేసవిలో లోవ్రెన్ రష్యా క్లబ్ జెనిత్‌కు వెళ్లిపోయాడు, అతని బదులు ఎవర్నీ తేలేదు. మిగిలింది వాన్ డైక్, గోమెజ్, మాటిప్. అందులో మాటిప్ ఎప్పుడూ ఏదో ఒక గాయంతో బయట కూర్చునేవాడే. నాలుగో సెంటర్ బ్యాక్ ఎవరంటే ఫాబిన్యో. అదే ఫాబిన్యో జట్టుకు మొదటి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ (డిఫెన్స్ ముందు నిలబడి బంతి లాక్కునేవాడు) కూడా. కాగితం మీద రెండు పెట్టెలూ నిండాయి, లోపలున్న మనిషి మాత్రం ఒక్కడే.

అక్టోబర్ 17న ఎవర్టన్ మ్యాచ్‌లో వాన్ డైక్ మోకాలు పోయింది. నవంబర్‌లో గోమెజ్, జనవరి చివర్లో మాటిప్. ఫాబిన్యో వెనక్కి వెళ్లాడు, తర్వాత కెప్టెన్ హెండర్సన్ కూడా వెళ్లాడు. డిఫెన్స్ చెడింది సరే, అంతకంటే పెద్ద దెబ్బ ముందు వరుసకు తగిలింది. బంతిని మధ్యలోనే గుంజుకునే ఇద్దరూ వెనకే ఉండిపోవడంతో దాడి ప్రత్యర్థి సగంలోనే మొదలవడం ఆగిపోయింది. జనవరి 21 నుంచి మార్చి 7 మధ్య సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో వరసగా ఆరు లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయారు. ఆరింటిలో కొట్టింది ఒక్క గోల్, అదీ పెనాల్టీ.

మార్చిలో ఫాబిన్యోను మళ్లీ మిడ్‌ఫీల్డ్‌లోకి తెచ్చారు. వెనక ఫిలిప్స్, అతని పక్కన మొదట కబాక్, చివర్లో కుర్రాడు రీస్ విలియమ్స్. ఎవరూ పెద్ద పేరున్నవాళ్లు కారు. చివరి పది లీగ్ మ్యాచ్‌ల్లో ఎనిమిది గెలుపులు, రెండు డ్రాలు, 69 పాయింట్లతో మూడో స్థానం. అంటే ఆ శీతాకాలంలో కరువైంది రెండో వాన్ డైక్ కాదు, తన స్థానంలో తాను నిలబడే ఓ మామూలు సెంటర్ బ్యాక్. లోవ్రెన్ అమ్మకంలో వచ్చిన కోటీ పది లక్షల పౌండ్లలోపే అలాంటివాడు దొరికేవాడు.

కాబట్టి మీ జట్టును చూసుకునే పద్ధతి ఇది. పది అవుట్‌ఫీల్డ్ (గోల్‌కీపర్ కాని) స్థానాలు రాయండి. ఒక్కోదాని పక్కన ఇద్దరి పేర్లు రాయండి, ఏ పేరూ రెండుసార్లు రాకూడదు. రెండోవాడు గత సీజన్‌లో అదే స్థానంలో, ఏ క్లబ్‌కైనా సరే, 900 నిమిషాలు ఆడి ఉండాలి. పది పూర్తి మ్యాచ్‌లన్నమాట. 38 మ్యాచ్‌ల లీగ్‌లో ఒక్కో స్థానానికి 3,420 నిమిషాలుంటాయి, కప్పులు, యూరప్ కలిస్తే ఇంకా పెరుగుతాయి, రెండోవాడికి అందులో నాలుగో వంతు వరకు తేలిగ్గా పడుతుంది. మొదటివాడు గత సీజన్‌లో మూడో వంతు మ్యాచ్‌లు గాయాలతో పోగొట్టుకుని ఉంటే అతన్ని సగం మనిషిగానే లెక్కేయండి. ఖాళీ గడి ఎక్కడ తేలితే అక్కడ కొనాలి, మిగతాచోట ఆగొచ్చు. రెక్కల మీద, ఫుల్ బ్యాక్‌ల (అంచుల్లో ఆడే డిఫెండర్ల) దగ్గర కొంత సర్దుబాటు నడుస్తుంది. సెంటర్ బ్యాక్, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డ్ దగ్గర మాత్రం నడవదు, ఒకచోట గుంట పడితే పక్కనున్నవాణ్ణీ లాగేస్తుంది.

2015 ఆర్సెనల్‌ను ఈ పద్ధతిలో చూడండి. ఆ వేసవి మొదటి జట్టు కోసం వెంగర్ కొన్నది గోల్‌కీపర్ పీటర్ చెక్ ఒక్కణ్ణే. జనం స్ట్రైకర్, స్ట్రైకర్ అని గోల పెట్టారు. ఖాళీ గడి నిజానికి మధ్యలో ఉంది: డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ కాక్లాన్‌కు రెండోవాళ్లుగా ఉన్నది వయసు మళ్లిన ఆర్టెటా, ఫ్లామిని. నవంబర్‌లో వెస్ట్ బ్రామ్ మ్యాచ్‌లో కాక్లాన్ మోకాలికి గాయం, అతని బదులు దిగిన ఆర్టెటా కూడా అదే మ్యాచ్‌లో గాయపడ్డాడు. ఎనిమిది రోజులకే నార్విచ్‌లో ఇంకో మిడ్‌ఫీల్డర్ కాజోర్లా. జనవరిలో బాసెల్ నుంచి మిడ్‌ఫీల్డర్ ఎల్నెనీ వచ్చాడు. కొత్త ఏడాది మొదట్లో పట్టికలో పైనున్న జట్టు చివరికి 71 పాయింట్లతో రెండోది, లెస్టర్ 81తో ఛాంపియన్. స్ట్రైకర్ జిరూ జనవరి మధ్య నుంచి నెలల తరబడి లీగ్‌లో గోల్ కొట్టలేదు కాబట్టి స్ట్రైకర్ వాదన తప్పని కొట్టిపారేయలేం. అయినా నేను ఒక్కణ్ణే కొనాల్సి వస్తే మధ్యకే కొనేవాణ్ణి. ఆ వేసవే లెస్టర్ ఫ్రాన్స్ క్లబ్ కాన్ నుంచి మిడ్‌ఫీల్డర్ కాంటేను తెచ్చుకుంది మరి.

స్పర్స్ కథ వేరు. 2018 వేసవిలో, ఆ తర్వాత జనవరిలో ఒక్కణ్ణి కూడా కొనలేదు, పైగా జనవరిలో మిడ్‌ఫీల్డర్ డెంబెలేను అమ్మేశారు. చాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లారు కాబట్టి ‘కొనకపోయినా ఏమైంది’ అనేవాళ్లున్నారు. లీగ్ పట్టిక చూడమనండి: 2016-17లో 86 పాయింట్లు, తర్వాత 77, ఆ తర్వాత 71, ఆ చివరి సీజన్లో 13 ఓటములు. 2018 ప్రపంచకప్ సెమీస్ దాకా ఆడిన జట్లలో స్పర్స్ ఆటగాళ్లు తొమ్మిది మంది. వాళ్లంతా ఆలస్యంగా, అలసిపోయి తిరిగొచ్చారు. అలాంటి వేసవిలో ఆగడం నాకైతే అర్థం కాదు. కొత్త స్టేడియం ఖర్చు నెత్తిన ఉండగా అది ఒక్క మేనేజర్ నిర్ణయం అనడం కూడా న్యాయం కాదు. నాకౌట్‌లో అదృష్టం కొన్ని రాత్రులు మోస్తుంది, 38 మ్యాచ్‌లు మోయదు. 2019 నవంబర్‌లో పొచెట్టినోను తీసేసేనాటికి జట్టు 14వ స్థానంలో ఉంది.

కొనే పక్షానికీ మంచి ఉదాహరణ ఉంది. 2011-12లో మాంచెస్టర్ యునైటెడ్ పాయింట్లు సమానమై గోల్ తేడాతో టైటిల్ పోగొట్టుకుంది. 2012 ఆగస్టులో ఫెర్గూసన్ 29 ఏళ్ల స్ట్రైకర్ వాన్ పెర్సీని ఆర్సెనల్ నుంచి సుమారు 2.4 కోట్ల పౌండ్లకు తెచ్చాడు. మళ్లీ అమ్ముకునే విలువ లేని వయసు, అయినా 26 లీగ్ గోల్స్, టైటిల్. ఏ గడి ఖాళీగా ఉందో తెలిసి కొన్న కొనుగోలు అది.

అకాడమీ దారి గురించి ఒక్క మాట. 2019లో ట్రాన్స్‌ఫర్ నిషేధం (కొత్తవాళ్లను కొనకూడదని) పడిన చెల్సీ మౌంట్, ఏబ్రహామ్, టొమోరి, రీస్ జేమ్స్‌లతో నాలుగో స్థానం తెచ్చుకుంది. వాళ్లెవరూ నేరుగా యూత్ జట్టులోంచి దిగినవాళ్లు కారు, ముందు సీజన్ డెర్బీ, విల్లా, విగాన్‌లలో చాంపియన్‌షిప్ (రెండో డివిజన్) ఆడి వచ్చారు. యూత్ మ్యాచ్‌ల్లో మెరిసిన 18 ఏళ్లవాణ్ణి రెండోవాడిగా రాసుకుని కొనడం మానేస్తే అది ఆశే, ప్రణాళిక కాదు. అప్పుడు కూడా చెల్సీ 54 గోల్స్ ఇచ్చుకుందని మరిచిపోకండి.

ఫ్రీ ట్రాన్స్‌ఫర్ (కాంట్రాక్ట్ ముగిసినవాణ్ణి ఫీజు లేకుండా తెచ్చుకోవడం) పేరుకే ఉచితం. మిగిలిన ఫీజు జీతంలోకి, సంతకం బోనస్‌లోకి చేరుతుంది, పైగా వచ్చేవాడికి సాధారణంగా ముప్పై దగ్గర పడుతుంటాయి. బెంచికి పనికొస్తుంది.

ఇక లోన్, అంటే ఇంకో క్లబ్ ఆటగాణ్ణి కొంతకాలానికి అరువు తెచ్చుకోవడం. ప్రీమియర్ లీగ్ క్లబ్‌ల మధ్య లోన్‌లో అతన్ని సొంత క్లబ్ మీద లీగ్ మ్యాచ్ ఆడనివ్వరు, ఇతర ప్రీమియర్ లీగ్ క్లబ్‌ల నుంచి ఒకేసారి ఇద్దరికి మించి తీసుకోనివ్వరు. తర్వాత తప్పనిసరిగా కొనాలన్న షరతుంటే అది లోన్ కాదు, వాయిదాల మీద కొనుగోలు.

జనవరి విండో చేతులు కాలాక పట్టుకునే ఆకులు. అమ్మే క్లబ్‌కు మీ అవసరం తెలుసు, ధర దాన్నిబట్టే ఉంటుంది. 2021 జనవరి విండో ఆఖరి రోజున లివర్‌పూల్ ఇద్దరు సెంటర్ బ్యాక్‌లను తెచ్చుకుంది. కబాక్ కొన్ని మ్యాచ్‌లు ఆడి ఏప్రిల్‌లో గాయపడ్డాడు. ప్రెస్టన్ నుంచి కొన్న బెన్ డేవిస్, 2022లో రేంజర్స్‌కు వెళ్లిపోయేదాకా లివర్‌పూల్ తరఫున ఒక్క పోటీ మ్యాచ్ కూడా ఆడలేదు.