జర్మనీ పెద్దలకు బోను, జపాన్ చక్రవర్తికి సింహాసనం: ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీని, జపాన్‌ను అమెరికాయే మళ్లీ నిలబెట్టిందని అంటుంటాం. అది నిజమే గానీ, ఆ రెండు దేశాలతో అమెరికా ఒకేలా ప్రవర్తించలేదు. జర్మనీ విషయంలో శిక్ష పైనుంచి మొదలైంది. జపాన్ విషయంలో సామాన్యులు ముందు నలిగారు, అందరికన్నా పైనున్నవాడు తప్పించుకున్నాడు. అందుకే నా ఓటు జర్మనీ దారికి.

యుద్ధం సాగుతుండగానే ఈ తేడా కనిపించింది. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో అక్కడి సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివాళ్లు ఇళ్లూ పొలాలూ దుకాణాలూ వదిలి ముళ్లకంచెల శిబిరాల్లోకి వెళ్లాల్సి వచ్చింది. వాళ్లలో మూడింట రెండొంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. జర్మన్ సంతతివాళ్లలో నిర్బంధించింది సుమారు 11 వేల మందిని, అదీ ఎక్కువగా ఒక్కొక్కరినీ విడిగా విచారించి. అంటే జర్మన్ అయితే నువ్వేం చేశావని అడిగారు, జపనీస్ అయితే ముఖం చూసి తీసుకెళ్లారు. క్షమాపణ, బతికున్నవాళ్లకు తలా 20 వేల డాలర్లు ఇచ్చే చట్టం వచ్చేసరికి 1988 అయింది.

లొంగిపోయాక తీరు మారింది. జర్మనీలో ప్రభుత్వమే మిగల్లేదు. నాలుగు దేశాలు దాన్ని పంచుకుని పాలించాయి. జర్మన్లతో చేయి కూడా కలపొద్దని మొదట్లో అమెరికా సైనికులకు ఆంక్ష. నాజీ పార్టీతో సంబంధం ఉందా అని 131 ప్రశ్నల ఫారం నింపించారు. జపాన్‌లో మాత్రం అమెరికా సేనాని మెకార్థర్ అక్కడి ప్రభుత్వాన్నే ఉంచి, దాని చేతే పని చేయించాడు. భూస్వాముల పొలాలు కొని కౌలు రైతులకు చవగ్గా అమ్మించిన సంస్కరణ గొప్పది. ఆ మంచిని నేను కాదనను.

నన్ను బాధపెట్టేది విచారణల సంగతి. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో బతికి దొరికిన నాజీ పెద్దలను బోనెక్కించారు. వాళ్లు సంతకాలు చేసిన కాగితాలే సాక్ష్యాలయ్యాయి. 12 మందికి మరణశిక్ష పడింది. టోక్యోలో యుద్ధకాలపు ప్రధాని తోజోతో సహా ఏడుగురిని ఉరితీశారు, కానీ ఎవరి పేరు మీద యుద్ధం నడిచిందో ఆ చక్రవర్తి హిరోహిటోను సాక్షిగా కూడా పిలవలేదు. చక్రవర్తి మీద చేయి వేస్తే పది లక్షల సైన్యం కావాల్సి వస్తుందని మెకార్థర్ 1946 జనవరిలో రాసి పంపాడు. ఆ భయంలో నిజం ఉండొచ్చు. కానీ మిత్రరాజ్యాల కోర్టులు జపాన్ సైన్యం కింద పనిచేసిన 23 మంది కొరియన్లకు మరణశిక్ష అమలు చేశాయి. యుద్ధకాలంలో వాళ్ల దేశం జపాన్ చేతిలో బానిస. బానిసకు ఉరి, యజమానికి సింహాసనం! మనుషుల మీద రోగక్రిములతో ప్రయోగాలు చేసిన జపాన్ సైన్యపు 731వ దళం అధిపతి ఇషీకి కూడా, ఆ సమాచారం ఇచ్చినందుకు, శిక్ష లేకుండా పోయింది.

జర్మనీలో అంతా సక్రమంగా జరిగిందని కాదు. రాకెట్ల కోసం నాజీల రాకెట్ నిపుణుడు వాన్ బ్రౌన్‌ను అమెరికా తనతో తీసుకెళ్లింది. సోవియట్ భయం పెరిగాక చాలామంది పాత నాజీలు పదవుల్లోకి తిరిగొచ్చారు.

దయ చూపడం తప్పని కూడా కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. అయినా 1952 శాంతి ఒప్పందంలో భారత్ నష్టపరిహారం వదులుకుంది. టోక్యో న్యాయమూర్తుల్లో మనవాడైన రాధాబినోద్ పాల్ ఒక్కరే నిందితులంతా నిర్దోషులన్నారు. గెలిచినవాళ్లే తీర్పు చెప్పడం మీద ఆయన అభ్యంతరం సరైనదే, కానీ చైనాలోని నాన్‌జింగ్‌లో జపాన్ సైన్యం చేతిలో చచ్చినవాళ్లకు ఆ వాదన ఏం జవాబు చెబుతుంది? ప్రజల మీద దయ వేరు, పాలకుల మీద దయ వేరు.

ఫలితం తర్వాతి తరాల్లో కనిపించింది. 1963లో నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్ కాపలాదారులను ఫ్రాంక్‌ఫర్ట్‌లో జర్మన్లే బోనెక్కించారు. 1970లో జర్మన్ చాన్సలర్ విల్లీ బ్రాంట్ పోలండ్ రాజధాని వార్సాలో, నాజీలకు బలైన యూదుల స్మారకం ముందు మోకరిల్లాడు. జపాన్‌లో, యుద్ధ నేరాల అనుమానితుడిగా మూడేళ్లు జైల్లో ఉండి 1948 డిసెంబరులో విడుదలైన కిషి, 1957లో ప్రధాని అయ్యాడు. జపాన్ సైన్యం చెరబట్టిన మహిళలకు న్యాయం చేయమంటూ 1992 జనవరిలో సియోల్‌లోని జపాన్ రాయబార కార్యాలయం ముందు ప్రతి బుధవారం జరిగే నిరసన మొదలైంది. ఆ మహిళలు అప్పటికే ముసలివాళ్లు.