ఇల్లు లేవకుండా మనం లేవాలంటే: ఫోనా, చేతి బ్యాండా, అలవాటా?

మా వీధిలో తెల్లవారుజామున లేవాల్సినవాళ్ళు చాలామందే ఉన్నారు. పోలీసు ఈవెంట్స్‌కి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసు చేసే పిల్లలు, విశాఖలో ఉద్యోగానికి విజయనగరం స్టేషన్లో పొద్దున్నే బండి పట్టుకునేవాళ్ళు, డీఎస్సీకి చదువుకునే నాలాంటివాళ్ళు. అందరివీ రెండు గదుల ఇళ్ళే. అందుకే "వదినా, మీ ఇంట్లో ఎవరికీ మెలకువ రాకుండా నువ్వెలా లేస్తున్నావు?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు.

మా ఇంట్లో అత్తయ్య, ఆయన, చంటిది, మరిది. మరిదికి పైడిభీమవరంలో మందుల కంపెనీలో పని. బి షిఫ్టు పడితే ఇంటికొచ్చి, తిని పడుకునేసరికి అర్ధరాత్రి అవుతుంది. నాలుగింటికి నా ఫోను మోగితే అతనికి దక్కేది నాలుగు గంటల నిద్రే. నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

గాఢనిద్ర ఎక్కువగా పడుకున్న మొదటి మూడు నాలుగు గంటల్లోనే ఉంటుంది. తెల్లారగట్ట నిద్ర పలచబడుతుంది. రాత్రి పదకొండుకి ఎంత చప్పుడైనా కదలని మనిషి నాలుగింటికి గ్లాసు పెట్టిన శబ్దానికే కళ్ళు తెరుస్తారు. వయసు మళ్ళినవాళ్ళకు అసలు గాఢనిద్రే తక్కువ. ఒకసారి లేచాక మళ్ళీ పట్టదు. కాబట్టి మనం లేచే వేళ ఇంట్లో వాళ్ళకి అన్నిటికంటే సున్నితమైన వేళ.

ముందు ఫోను సంగతి. డబ్బు ఖర్చు లేదు, అందరికీ ఉంది. శబ్దం మెల్లగా మొదలై పెరిగేలా పెట్టుకునే వీలు చాలా ఫోన్లలో ఉంది, అది తప్పకుండా వాడుకోండి. ఇయర్‌ఫోన్ పెట్టుకుని పడుకుంటే మనకొక్కరికే వినిపిస్తుందనుకుంటారు కొందరు. చాలా ఫోన్లలో అలారం స్పీకర్లోంచి కూడా మోగుతుంది, దాన్ని నమ్ముకోవద్దు. శబ్దం తీసేసి వైబ్రేషన్ మీద దిండు కింద పెట్టుకోవడం ఇంకో దారి. దూది పరుపులో ఆ కదలిక సగం ఇంకిపోతుంది. అదే చెక్క మంచం మీదికి జారిందంటే గుర్రుమని గదంతా వినిపిస్తుంది. ఛార్జింగులో ఉన్న ఫోనును మాత్రం దిండు కింద అస్సలు పెట్టకండి, వేడి బయటికి పోయే దారి ఉండదు.

అయితే ఫోనుతో అసలు ఇబ్బంది మొదటి మోత కాదు. మొదటిది మోగగానే ఆపేస్తే పక్కవాళ్ళు అటు తిరిగి పడుకుంటారు. ఇంటిని లేపేది రెండోది, మూడోది. మనం కళ్ళు తెరవకుండానే వేలితో తోసేసి "ఇంకో అయిదు నిమిషాలు" అనుకుంటాం. అది మళ్ళీ మోగుతుంది. అప్పటికి చంటిది కదులుతుంది, అత్తయ్య లేచి కూర్చుంటుంది, మనం మాత్రం పడుకునే ఉంటాం. ఏ పద్ధతి మంచిదో తేల్చడానికి నేను చూసేది ఇదొక్కటే: మొదటి పిలుపుకే మనల్ని మంచం దింపుతుందా, లేదా? శబ్దం ఎంత అన్నది దాని తర్వాతే.

ఆ లెక్కన చేతి బ్యాండు, అంటే వాచీలా మణికట్టుకి కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండు, నాకు నచ్చింది. రెండు వేల లోపే దొరుకుతున్నాయి. ఫోనులోంచి అలారం ఒకసారి అందులోకి ఎక్కాక ఫోను ఆఫ్‌లో ఉన్నా పనిచేస్తుంది. మణికట్టు మీద గుర్రుమంటుంది, ఒకే మంచం మీద ఉన్న మనిషికి కూడా తెలియదు. వదులుగా కట్టుకుంటే అదురు సరిగ్గా తగలదు కాబట్టి పడుకునేటప్పుడు కొంచెం బిగించుకోవాలి. ఛార్జింగు అయిపోతే అలారమే ఉండదు, అందుకే సాయంత్రం వంట చేసేటప్పుడు తీసి ఛార్జింగులో పెడతాను.

బ్యాండుకీ లోపం ఉంది. ఒక్క తాకుడుతో ఆగిపోతుంది, చప్పుడు లేదు కనక ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు, హాయిగా మళ్ళీ పడుకోవచ్చు. దీనికి నేను చేసేది ఒకటుంది. ఫోనులో అయిదు నిమిషాలు ఆలస్యంగా, గట్టి శబ్దంతో ఇంకో అలారం పెట్టి వంటింట్లో గట్టు మీద ఉంచుతాను. బ్యాండు అదరగానే "అది మోగిందంటే చంటిది లేస్తుంది" అన్న టెన్షన్ పట్టుకుంటుంది, దాన్ని ఆపడానికే లేచి వెళ్తాను. వంటింట్లోకి వెళ్ళాక ఇక వెనక్కి వచ్చి పడుకోబుద్ధి కాదు. బ్యాండు ఎప్పుడైనా పనిచేయకపోయినా పరీక్షో బండో తప్పిపోదు.

అలారమే లేకుండా అలవాటు మీద లేవడం మూడో దారి. మా అత్తయ్య అలాగే లేస్తుంది, రేపు ఇన్ని గంటలకి లేవాలి అని మనసులో అనుకుని పడుకుంటే చాలంటుంది. ఆ మాటలో నిజం ఉంది. 1999లో జర్మనీలో లూబెక్ విశ్వవిద్యాలయం వాళ్ళు, ఆరింటికి లేపుతామని ముందే చెప్పి కొందరిని పడుకోబెట్టి రక్తపరీక్షలు చేశారు. లేపడానికి దాదాపు గంట ముందు నుంచే, ఒత్తిడికి శరీరాన్ని సిద్ధం చేసే ఏసీటీహెచ్ హార్మోను వాళ్ళలో పెరగడం మొదలైంది. నిద్రలో కూడా శరీరం సమయం కోసం ఎదురుచూస్తుందన్నమాట. కానీ ఇది రోజూ ఒకే వేళకి పడుకునేవాళ్ళకే కుదురుతుంది. పెళ్ళిళ్ళు, జ్వరాలు, చంటిపిల్లలు ఉన్న ఇంట్లో దీనొక్కదాన్నే నమ్ముకుని పరీక్ష రోజు పడుకోలేం. నాలుగింటికి లేవాలంటే తొమ్మిదికల్లా పడుకోవాలి, పెద్దవాళ్ళకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. అది కుదిరితే బ్యాండు చిన్న అదురుకే మెలకువ వస్తుంది. కుదరకపోతే ఏ అలారమైనా అరవాల్సిందే.

మెల్లగా వెలుగు పెంచే దీపాలు ఒంటరి గదికి సరిపోతాయి, నలుగురు పడుకున్న గదిలో అందరినీ లేపుతాయి. ఇంట్లో ఎవరినో లేపమని చెప్పడం అంటే వాళ్ళ నిద్ర పాడుచేయడమే. ధనుర్మాసంలో గుడి మైకు ఎలాగూ లేపుతుంది, మిగతా పదకొండు నెలల సంగతి చూసుకోవాలి.

లేచాక చేసే చప్పుడు కూడా లెక్కలోదే. మోటారు రాత్రే వేసి ట్యాంకు నింపుకోవాలి. తలుపు గడియకి, బందులకి రెండు చుక్కల కొబ్బరినూనె వేయాలి. టీ గిన్నె, గ్లాసు, పుస్తకాలు, గ్రౌండుకి వెళ్ళేవాళ్ళయితే బూట్లు, రాత్రే బయట గదిలో పెట్టుకోవాలి. చీకట్లో బీరువా తలుపు తీస్తే బ్యాండు పెట్టుకున్న లాభమంతా పోయినట్టే. వేసవిలో ఫ్యాను హోరు చిన్న చప్పుళ్ళను కప్పేస్తుంది. చలికాలంలో ఫ్యాన్లు ఆగిపోయాక చెంచా పడినా వినిపిస్తుంది, అప్పుడు ఇంకాస్త జాగ్రత్త కావాలి.

బ్యాండు కొనే వీలు లేనివాళ్ళు ఫోనునే వాడండి. కానీ స్నూజు, అంటే కాసేపాగి మళ్ళీ మోగే ఏర్పాటు, తీసేసి, మెల్లగా పెరిగే శబ్దం పెట్టి, గది గుమ్మం దగ్గర నేల మీద గుడ్డ వేసి దాని మీద ఉంచండి. లేచి నడిస్తేనే ఆగేంత దూరం ఉండాలి, పది సెకన్లలో అందేంత దగ్గరగానూ ఉండాలి. మొద్దునిద్ర పోయేవాళ్ళు మాత్రం బ్యాండు కొనేముందు స్నేహితులది అడిగి ఒక రాత్రి కట్టుకుని చూడండి. కొందరికి ఆ అదురు చాలదు.