తీర్థాల బురదలో లాగడానికి ట్రాలీ: నాలుగేళ్లు వాడాక చెప్తున్నా

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరండి. ఏటా కనుమ రోజు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి (వెదురుతో కట్టి అలంకరించిన ఎత్తయిన ప్రభల్ని ఊళ్ల నుంచి భుజాల మీద మోసుకొచ్చే జాతర), మాఘమాసంలో భీష్మ ఏకాదశికి అంతర్వేది నరసింహస్వామి తీర్థానికి ఇంటిల్లిపాదీ వెళ్తాం, కార్తీకంలో వనభోజనాలు ఎలాగూ ఉంటాయి. అంతర్వేదిలో అయితే కల్యాణం రాత్రి, రథం లాగిన రాత్రి, రెండు రాత్రులూ అక్కడే టెంటు వేసుకుని ఉంటాం. నలుగురు పడుకునే టెంటు, పెద్ద బరకం (టార్పాలిన్), చాపలు, దుప్పట్లు, చిన్న సిలిండరు, పొయ్యి, గిన్నెలు, బియ్యం, 20 లీటర్ల నీళ్ల టిన్నులు రెండు, ఇవన్నీ కలిపి ఒకసారి మిల్లులో కాటా మీద పెట్టి చూస్తే 90 కేజీలు దాటింది, అందులో నీళ్లే 40. కారు ఎక్కడో ఆపేస్తారు, అక్కణ్ణుంచి చేలగట్ల మీద, పుంతల్లో (చేల మధ్య బండిదారుల్లో) నడక. నాన్నకి మోకాళ్లు పట్టేసిన దగ్గర్నుంచి మోసేవాళ్లం నేనూ తమ్ముడే మిగిలాం.

మొదట కొన్నది గుడ్డ ట్రాలీ, మడత పెడితే గొడుగులా ముడుచుకుంటుంది చూడండి, ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి కొన్నాం. 80 కేజీలు మోస్తుందని రాశారు. ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద మా అక్క పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి లాగితే భలే వెళ్లింది. ఆ కనుమకి జగ్గన్నతోట తీసుకెళ్లాం. సంక్రాంతికి బురదేంటి అనుకుంటారు బయటి ఊళ్ల వాళ్లు, ఆ టైముకి మా వైపు దాళ్వా (రెండో వరి పంట) మొదలైపోయి ఉంటుంది కదా, చేలల్లో నీళ్లు పెట్టి ఉంటారు, కొన్ని చోట్ల నాట్లు కూడా అయిపోయి ఉంటాయి. ప్రభలు ఆ పచ్చటి చేలల్లోంచే వస్తాయి, తొక్కినా రైతు ఏమీ అనడు, ప్రభ వెళ్లిన చేను పండుతుందని నమ్మకం. ఇక జనం తొక్కిన గట్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. మా ట్రాలీ రెండో గట్టు దగ్గరే దిగబడింది. లాగుతుంటే ముందు చక్రం పక్కకి పడుకుంది, ఇంకోసారి గట్టిగా లాగేసరికి చక్రాన్ని పట్టుకునే ప్లాస్టిక్ ముక్క టప్పుమని విరిగిపోయింది. అమ్మ బియ్యం సంచి నెత్తిన పెట్టుకుని ఆ బురదలో నడిచింది, అది చూసి నాకు చాలా బాధేసింది. అమ్మినవాళ్లకి ఫొటోలు పెడితే బురదలో వాడితే వారంటీ లేదన్నారు, బొమ్మలో మాత్రం గడ్డిలో, ఇసుకలో పెట్టి చూపించారు.

ఇంటికొచ్చాక విరిగిన చక్రం చేతిలో పెట్టుకుని చూశాను. రెండు వేళ్ల వెడల్పు, జానెడు కూడా లేని ఎత్తు, గట్టి ప్లాస్టిక్. మా ఒండ్రుమట్టిలో సన్నటి చక్రం మీద బరువు పడితే కత్తిపీట దిగినట్టు దిగిపోతుంది. చక్రం వెడల్పుగా ఉంటే అదే బరువు ఎక్కువ నేల మీద పరుచుకుంటుంది, పెద్దగా ఉంటే గుంటలో పడ్డా ఎక్కి బయటికొస్తుంది. ఎంత మోస్తుందని రాసిన అంకె గట్టి నేల మీద లెక్క, బురదలో దాంట్లో సగం కూడా నమ్మొద్దు.

రెండోసారి చక్రం చూసుకుని కొన్నాం. ఇనప జాలీ ట్రాలీ, నర్సరీల్లో మొక్కల కుండీలు లాగుతారే, అలాంటిది. నాలుగూ గాలి టైర్లు, టైరు మీద 4.10/3.50-4 అని ఉంటుంది. చివర్లో ఆ 4 అంటే రిమ్ము నాలుగు అంగుళాలని, టైరుతో కలిపి ఎత్తు పది అంగుళాల పైచిలుకు వస్తుంది, వెడల్పు నాలుగు వేళ్లు నిండుగా. అప్పట్లో ఆరున్నర వేలు పెట్టాం. సామాన్ల తోపుడు బళ్లకి కూడా ఈ సైజే ఎక్కువ వాడతారు కాబట్టి ట్యూబులు దొరుకుతాయి, నాకు భీమవరంలో పనిముట్ల షాపులో దొరికాయి. వాల్వు స్కూటర్ ట్యూబుకి ఉండేలాంటిదే, గాలి ఎక్కడైనా కొట్టించుకోవచ్చు.

దీంతో నాలుగు కనుమలు, నాలుగు అంతర్వేదులు అయ్యాయి. మొదటి కనుమకే గంగలకుర్రు ప్రభ కౌశిక ఏరు దాటుతుంటే చూడాలని ఆ ఒడ్డు దాకా లాక్కెళ్లిపోయాం. ఆ ప్రభని భుజాల మీద ఎత్తుకుని నీళ్లలోకి దిగుతుంటే ఒళ్లు గగుర్పొడుస్తుందండి, ఎన్నిసార్లు చూసినా అంతే. తిరిగొచ్చేటప్పుడు ట్రాలీ ఉన్నట్టుండి బరువెక్కిపోయింది, సామాను అదే, లాగేది మేమే. వంగి చూస్తే చక్రం తిరగట్లేదు, ఈడ్చుకొస్తోంది. టైరుకీ పైన ఇనప బద్దకీ మధ్య వేలు పట్టేంతే సందు ఉంది, ఆ సందులో బంకమట్టి, గడ్డి కలిసి పిడకలా గట్టిపడిపోయాయి. అక్కడ పడున్న కొబ్బరి చిప్ప విరగ్గొట్టి దాని అంచుతో గీకి తీశాం, నాలుగు చక్రాలకీ పావుగంట పట్టింది. మట్టి తీసే మా అవస్థ చూసి చేనుగల రైతు ఒకాయన వచ్చి, "ఆయ్, సందు తక్కువుందండి దీనికి, బద్ద కింద రెండు వాచర్లేసి లేపుకోండి" అన్నారు. ఇంటికొచ్చాక వెల్డింగు షాపులో ఆ బద్ద తీయించి అంగుళంన్నర ఎత్తు లేపించాం, రెండొందలు తీసుకున్నాడు. తర్వాత మట్టి పట్టినా అదే రాలిపోతోంది. కొనేముందు ఈ సందు చూడమని ఎవరూ చెప్పరు, నేను మాత్రం ముందు ఇదే చూడమంటాను.

సామాను సర్దడం కూడా నేర్చుకున్నాం. నీళ్ల టిన్నులు, సిలిండరు వెనక ఇరుసు మీదకి, అడుగున. ముందు వైపు టెంటు, దుప్పట్లు. ముందు బరువు పెడితే తిప్పే చక్రాలు మట్టిలోకి ముక్కు పొడిచేస్తాయి, ఇంక ఎంత లాగినా దిగడమే తప్ప కదలడం ఉండదు. 60 కేజీల వరకూ నేనొక్కణ్ణే లాగేస్తాను, ఆ పైన అయితే వెనక ఒకళ్లు నెట్టాలి. మరీ లోతుగా బురద ఉన్న చోట కొబ్బరి మట్టలు అడ్డంగా పరిచి వాటి మీద లాగుతాం, తోటలో మట్టలకి కొదవేముంది. ఇప్పుడైతే టిన్నులు ఖాళీగా తీసుకెళ్లి అక్కడికి దగ్గర్లో నింపుకుంటున్నాం, 40 కేజీలు తగ్గినట్టే.

అంతర్వేది సంగతి వేరు. నరసాపురంలో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి సఖినేటిపల్లి రేవులో దిగుతాం. పంటు మీదకి ఎక్కించేటప్పుడు పలక ఏటవాలుగా ఉంటుంది, ట్రాలీకి బ్రేకు లేదు, అందుకని ఎక్కగానే వెనక చక్రాల కింద రెండు కర్రముక్కలు పెడతాం, వాటిని తాడుతో ట్రాలీకే కట్టి ఉంచుతాం. సముద్రం వైపు ఇసకలో గాలి నిండుగా ఉన్న టైరు కూరుకుపోతుంది. కొంచెం గాలి తీసేస్తే టైరు కింద పరుచుకుని పైపైన నడుస్తుంది, బొటనవేలితో నొక్కితే కొద్దిగా లొంగేంత చాలు, మరీ తీస్తే రిమ్ము మీద నుంచి జారిపోతుంది. మళ్లీ రోడ్డెక్కే ముందు గాలి కొట్టుకోవాలి, చిన్న పంపు సంచిలో పడుంటుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మడత పడదు, ఖాళీదే ఇరవై కేజీల పైన ఉంటుంది, కారు పైన కట్టాల్సిందే. రెండో ఏడు తుమ్మముల్లు దిగి నడిదారిలో పంచరైంది, అప్పట్నుంచి స్పేరు ట్యూబు లేకుండా కదలం. ఉప్పుగాలికి అతుకుల దగ్గర తుప్పు లేచింది, తిరిగి రాగానే మంచినీళ్లతో కడిగి, ఆరాక ఇరుసులకి గ్రీజు పెడితే ఆగింది. మొదటి ఏడు కడగలేదు, ఆ తప్పుకి ఒక నట్టు బిగుసుకుపోయి కోయించాల్సొచ్చింది. చక్రం లోపల వచ్చిన ప్లాస్టిక్ బుష్షులు ఏడాదికే అరిగి చక్రం ఊగడం మొదలెట్టింది, ఇరుసు కొలత చూపించి బేరింగులు వేయించాం, లాగడం సగానికి సగం తేలికైంది. పిడి మాత్రం పొట్టిదే, పొడుగ్గా ఉన్న మా తమ్ముడికి మడమలకి తగులుతోంది, పైపు అతికించి ఒక అడుగు పొడవు పెంచాం.

గాలి లేని రబ్బరు టైర్లు తీసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. పంచరు బాధ ఉండదు నిజమే, కానీ మా పక్కింటి వాళ్లది లాగి చూశాను, ఇసకలో గాలి తీసి పరిచే వీలు దానికి లేదు, బరువు కూడా ఎక్కువ. రోడ్డు, గట్టి నేల ఎక్కువ నడిచేవాళ్లకి అది బాగుంటుంది. మా బురదకి, ఇసకకి గాలి టైరే. గుడ్డ ట్రాలీలోనే వెడల్పు చక్రాలవి కూడా వస్తున్నాయి, చక్రాన్ని పట్టుకునే ముక్క ఇనపదో ప్లాస్టిక్‌దో చేత్తో తాకి చూసుకుని తీసుకోండి, అది ప్లాస్టిక్ అయితే నేను తీసుకోను.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. పోయినసారి 2015 జూలైలో వచ్చినప్పుడు మేం సంచులు మోసుకుంటూ వెళ్లాం, ఈసారీ వానాకాలమే కాబట్టి ట్రాలీ ఉండాల్సిందే. ఎడమ వెనక టైరు పక్కలు పగుళ్లిచ్చాయి, ఎండలో వదిలేసినందుకు. దాన్ని ఈ వారంలో మార్చేసి, బండి ఇటికల మీద ఎత్తి పశువుల పాకలో నీడకి పెట్టేస్తాను.