పెండ్లి పత్రికల దుకాణంలో మా పోస్టర్లు: ఐదుకు నాలుగు స్టార్లు

నల్గొండ ప్రకాశం బజార్ వెనక గల్లీలో పెండ్లి పత్రికలు వేసే చిన్న దుకాణం. ఊరందరి పేర్లూ అచ్చేసే మనిషి, తన బోర్డు మాత్రం పేరు కనబడనంతగా వెలిసిపోయినా పట్టించుకోలేదు. క్లాక్ టవర్ నుంచి నడిచిపోవచ్చు. బండి పెట్టడానికి జాగా ఉండదు.

మేం బీఏ ఫైనలియర్. కాలేజీలో సంఘీభావ పోస్టర్ల ఎగ్జిబిషన్ పెట్టాం, అంటే పోరాడే జనాలకు మద్దతుగా వేసిన పోస్టర్లు. ఆసియా, ఆఫ్రికా, లాటిన్ అమెరికా ఉద్యమాల 1966 హవానా సదస్సు తర్వాత పుట్టిన ఓస్పాల్ అనే సంఘీభావ సంస్థ క్యూబాలో వేసినవి, 1968 మే నెలలో పారిస్ విద్యార్థులు వేసినవి, బోట్స్‌వానాలో తలదాచుకున్న దక్షిణాఫ్రికా కళాకారుల మెడు బృందానివి. డిజైన్ పని నా మీద పడింది.

ముందు ఒక ఫ్లెక్స్ షాపుకు పోయాం, చవకని. శాంపిల్‌గా హెలెనా సెర్రానో 1968లో చేసిన చే గువేరా పోస్టర్ ఇచ్చాం. దక్షిణ అమెరికా పటంలోంచి చే ముఖం అలలు అలలుగా ఖండమంతా పరుచుకునే బొమ్మ అది. ఆ అలలన్నీ విడివిడి రంగు పట్టీలు. ఫ్లెక్స్ మీద పట్టీలు కలిసిపోయి, ట్యూబ్‌లైట్ కింద చే ముఖం పుట్టినరోజు ఫ్లెక్సీలో లీడర్ ముఖంలాగా నిగనిగలాడింది. ఓస్పాల్ పోస్టర్ల మీద స్పానిష్, ఇంగ్లీషు, ఫ్రెంచ్, అరబిక్ ఉండేవి కదా, అట్లనే మా టైటిల్‌ను తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో పెట్టుకున్నాం. ఉర్దూ లైనులో అక్షరాలు ఒకదానికొకటి అతకకుండా, తిరగబడి వచ్చాయి. కంప్యూటర్ ముందున్న పిల్లగాడు దాన్నే ప్రింటుకు పంపబోయాడు.

అప్పుడు ఈ పెండ్లి పత్రికల అన్న దగ్గరికి వచ్చాం. పెన్‌డ్రైవ్ పెట్టగానే ఆయన మొదట పట్టుకున్నది ఆ లైనునే. షాదీ కార్డులు కూడా వేస్తాడు కాబట్టి ఉర్దూ కొట్టే ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్‌లో మళ్లీ కొట్టి ఇచ్చాడు. దానికి పైసలు తీసుకోలేదు. తర్వాత బొమ్మలు జూమ్ చేసి, "నెట్‌ల దించినవా చెల్లె? పెద్దగ చేస్తే పగుల్తయ్. అసలు సైజెంత?" అన్నాడు.

అసలు సైజు అడిగింది ఈయనొక్కడే. ఓస్పాల్ పోస్టర్లను మడతపెట్టి ఆ సంస్థ పత్రిక ట్రైకాంటినెంటల్‌లో పెట్టి దేశదేశాలకు పంపేవారు. చాలావరకు 13 × 21 అంగుళాల దరిదాపుల్లోనే ఉంటాయి. "గట్లయితే 13 × 19 షీటు సరిపోతది, మ్యాట్ పేపర్ వేద్దాం" అన్నాడు. షీటుకు 35 రూపాయలు పడింది. రంగులు పట్టీకి పట్టీ విడిగా కనబడ్డాయి. రెండు షీట్లను నిజంగానే మడిచి, విప్పి తగిలించాం. చూడవచ్చినవాళ్లు ఎక్కువసేపు నిలబడింది వాటి ముందే.

క్యాప్షన్ కార్డులు కొడుతూ ఒకచోట ఆగాడు. మెడు సభ్యుడు తామీ మ్న్యేలే 1985 జూన్‌లో బోట్స్‌వానా రాజధాని గాబరోన్ మీద దక్షిణాఫ్రికా సైన్యం చేసిన దాడిలో చనిపోయాడని రాశాం. "బొమ్మలు వేసేటాయన్ని చంపిన్రా?" అని అడిగి, ఆ కార్డుకు అక్షరాలు రెండు సైజులు పెంచాడు.

టైటిల్ పోస్టర్ స్క్రీన్ ప్రింట్ చేద్దామన్నది కూడా ఆయనే. ఎరుపుకొక ఫ్రేము, నలుపుకొక ఫ్రేము. ఫ్రేముకు బిగించిన మెష్ గుడ్డ మీద ఇంకు పోసి స్క్వీజీతో, అంటే రబ్బరు పట్టీతో, ఒక్క లాగు లాగి ఫ్రేము ఎత్తితే కింద ఎర్ర పిడికిలి! ఆరినాక వేలితో తడిమితే రంగు మందం తెలుస్తుంది. డిజిటల్ ప్రింటులో అది రాదు. పారిస్ విద్యార్థులు కూడా లితోగ్రఫీ అనే రాతి అచ్చుతో మొదలుపెట్టి, అది నిదానమని ఈ పద్ధతికే మారారు. వాళ్లలాగే మేమూ పోస్టర్ కింద ఎవరి సంతకమూ పెట్టలేదు. మా వాళ్లిద్దరికి స్క్వీజీ ఇచ్చి చివరి కాపీలు వాళ్లతోనే లాగించాడు. చేతులకు ఎరుపు అంటితే కిరోసిన్ గుడ్డ కూడా ఆయనే ఇచ్చాడు.

ఇక కోసేసిన స్టారు సంగతి. ఫోన్ ఎత్తడు. చెప్పిన రోజుకు ఇవ్వలేదు. పత్రికలో వియ్యంకుడి ఇంటిపేరు తప్పు పడిందని ఒక పెండ్లివాళ్లు వచ్చి గొడవ పెట్టుకుంటే మా పని పక్కకు పోయింది. ఎగ్జిబిషన్ పొద్దున పూర్తిగా ఆరని పోస్టర్లు పట్టుకుని ఆటో ఎక్కాం. కొన్ని కాపీల్లో నలుపు అక్షరాలు ఎరుపు మీదికి జరిగాయి. అడిగితే "చెయ్యితోని చేసింది గట్లనే ఉంటది చెల్లె" అన్నాడు. పోస్టరుకు అది నాకు అందంగానే ఉంది కానీ, వియ్యంకుడి పేరైతే ఊరుకునేవాళ్లా? జీఎస్టీ బిల్లు కోసం కూడా తిప్పించాడు. కాలేజీ పైసలతో పని చేయించేవాళ్లు ముందే మాట్లాడుకోండి.

తెలుగు మ్యాటరు యూనికోడ్‌లో ఇస్తే డీటీపీ వాళ్లు వాడే అను ఫాంటులోకి మార్చుకుంటాడు, ఆ మార్పులో ఒత్తులు తప్పు పడొచ్చు, పక్కన కూర్చుని సరిచూసుకోండి. ముహూర్తాలున్న నెలల్లో పోవద్దు. ఆషాఢంలో పోతే ఖాళీగా ఉంటాడు, రేటు కూడా తగ్గిస్తాడు.